బండి మంచిదే, కానీ అది హనుమకొండ బండి

తమ్ముడూ, అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే అంటున్నా, ఏమీ అనుకోకు. తర్వాత చదివేవాళ్లకూ పనికొస్తుంది కాబట్టి నీ ప్రశ్న ఒకసారి చెప్తా. 2019 మోడల్ జర్మన్ డీజిల్ ఎస్‌యూవీ పోయిన ఏడాది సెకండ్ హ్యాండ్‌లో కొన్నావు. సంక్రాంతి సెలవుల్లో భార్యనూ, పన్నెండేళ్ల బాబునూ, ఏడేళ్ల పాపనూ, అరవై ఆరేళ్ల అమ్మనూ ఎక్కించుకుని హనుమకొండ నుంచి మనాలి దాకా రోడ్డు మీదే వెళ్లాలని, మనాలి దగ్గరి సోలాంగ్ లోయలో పిల్లలకు స్కీయింగ్ నేర్పించాలని నీ ప్లాన్. "ఆల్ వీల్ డ్రైవ్ సార్, మంచులో టెన్షనే లేదు" అని అమ్మినవాళ్లు చెప్పారు, అంటే ఇంజిన్ బలం నాలుగు చక్రాలకూ అందుతుందని. వాళ్లు చెప్పింది నిజమేనా, మంచులో టైర్లకు చుట్టే చైన్లు కావాలా, ఎన్ని రోజులు పడుతుంది, ఇవీ నువ్వు అడిగినవి.

నేను చలికాలంలో అటువైపు నాలుగుసార్లు వెళ్లాను. రెండుసార్లు ఇక్కడి నుంచే డ్రైవ్ చేశాను, రెండుసార్లు చండీగఢ్ దాకా ఫ్లైట్. నాలుగుసార్లలో నాకు తెలిసొచ్చింది ఒక్కటే. బండి ఎంత ఖరీదైనదైనా అది హనుమకొండ బండి. దాని ట్యాంకులో డీజిల్, రేడియేటర్‌లో నీళ్లు, టైర్లలో గాలి, ఆఖరికి అద్దం కడిగే నీళ్లు కూడా నలభై ఐదు డిగ్రీల ఎండకు అలవాటు పడినవే. వాటిని మార్చకుండా ఆల్ వీల్ డ్రైవ్ ఒక్కదాన్ని నమ్ముకుని వెళ్తే ఇబ్బంది పడతావు.

ముందు రోజుల లెక్క తేల్చుకుందాం. మనాలి మనకు రెండు వేల కిలోమీటర్ల పైమాటే. మొదటి రోజు నాగ్‌పూర్. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా వెళ్లొచ్చు, లేదా మంచిర్యాల, ఆసిఫాబాద్, వాంకిడి మీదుగా చంద్రపూర్ పట్టుకోవచ్చు. రెండో రోజు సివ్‌నీ, సాగర్ మీదుగా ఝాన్సీ, సుమారు ఆరు వందల కిలోమీటర్లు. మూడో రోజు ఆగ్రా దాటి అంబాలా. నాలుగో రోజు చండీగఢ్ పక్కనుంచి మనాలి. ఇది నేను ఒక్కడినే నడిపితే పట్టే లెక్క. అమ్మా పిల్లలూ ఉంటే ఐదు రోజులు పెట్టుకో. రానూ పోనూ పది రోజులు, అక్కడ ఐదు రోజులు. మన స్కూళ్లకు సంక్రాంతి సెలవులు వారం దాటడం కష్టం. అంటే పిల్లలకు ఇంకో వారం పైనే సెలవు పెట్టించాలి. అది కుదరకపోతే రోడ్డు ప్లాన్ మానుకో. హైదరాబాద్ నుంచి చండీగఢ్‌కు ఫ్లైట్ ఎక్కి అక్కడ టాక్సీ మాట్లాడుకో. రోజుకు పన్నెండు గంటలు వెనక సీట్లో కూర్చోబెట్టి తీసుకెళ్తే, మంచు చూసే సమయానికి పిల్లలకు ఆ మంచు మీదే కోపం వస్తుంది. మా ఇంట్లో అదే జరిగింది.

నీ బండికి ప్రత్యేకంగా ఇంకో చిక్కుంది, అమ్మినవాళ్లు చెప్పి ఉండరు. దేశంలో బీఎస్-6 అనే కొత్త పొగ ప్రమాణం తప్పనిసరి అయింది 2020 ఏప్రిల్ 1 నుంచి. నీది 2019 మోడల్ అంటే చాలావరకు బీఎస్-4 డీజిల్ అయి ఉంటుంది, ఆర్సీలో చూసుకో. ఢిల్లీలో చలికాలం గాలి పాడైనప్పుడు గ్రాప్ అని దశలవారీగా ఆంక్షలు పెడతారు. మూడో దశ వచ్చిందంటే బీఎస్-4 డీజిల్ కార్లు ఢిల్లీలోనే కాదు, గురుగ్రామ్, ఫరీదాబాద్, ఘజియాబాద్, గౌతమ్ బుద్ధ నగర్ జిల్లాల్లో కూడా తిరగకూడదు. రింగ్ ఎక్స్‌ప్రెస్‌వేలు కూడా ఆ జిల్లాల్లోంచే పోతాయి కాబట్టి బైపాస్‌లో తప్పించుకుందాం అనుకోకు. ఝాన్సీలో పడుకునే ముందు ఆ రోజు ఏ దశ నడుస్తుందో ఫోన్‌లో చూడు. మూడో దశ ఉంటే ఆగ్రా నుంచి అలీగఢ్, మేరఠ్, సహారన్‌పూర్ వైపు తిరిగి అంబాలా చేరు. ఆ రోడ్డులో ఊళ్లూ, చెరుకు ట్రాక్టర్లూ ఎక్కువ, కొన్ని గంటలు అదనంగా పడుతుంది, కానీ చలాన్ గొడవ ఉండదు.

పొగమంచు గురించి కూడా ఇక్కడే చెప్తా. గ్వాలియర్ దాటినప్పటి నుంచి అంబాలా దాకా జనవరిలో పొద్దున తొమ్మిది, పది దాకా ముందున్న లారీ వెనక లైటు కూడా కనబడని రోజులుంటాయి. యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద మామూలుగా కార్లకు 100 ఉండే స్పీడ్ లిమిట్‌ను చలికాలంలో 75కి తగ్గిస్తారు, కారణం ఇదే. మనవాళ్లకు తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరడం అలవాటు. నిర్మల్ దాకా అది బాగానే ఉంటుంది, ఆగ్రా దగ్గర మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. పది దాటాక కదులు, చీకటి పడేలోపు ఆగిపో. నా లెక్కలో ఈ ట్రిప్ మొత్తంలో ఎక్కువ ప్రమాదం ఇక్కడే, మంచు కొండల్లో కాదు.

ఇప్పుడు బండి సంగతి. రేడియేటర్‌లో పోసే కూలెంట్‌తో మొదలుపెడతా, ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే. మొదటిసారి వెళ్లేముందు మన ఊళ్లోనే ఒక మెకానిక్ దగ్గర సర్వీస్ చేయించాను, ఎవరని అడగకు. అన్నీ చూశాడు, "కూలెంట్ కొంచెం తగ్గింది సార్, పోసేశా" అన్నాడు. ఏం పోశాడని నేను అడగలేదు. కుల్లూలో టీ కోసం ఆగినప్పుడు పక్కనే ఒక గ్యారేజీ ఉంటే ఊరికే చూడమన్నాను. అక్కడి ముసలాయన స్కేలంత పొడవున్న గొట్టం లాంటి పరికరం తీశాడు. ట్యాంకులోంచి ఒక్క చుక్క తీసి దాని గాజు పలక మీద వేసి, వెలుతురుకు ఎత్తి ఒక కన్ను మూసి చూశాడు. నన్నూ చూడమన్నాడు. నీలం రంగుకూ తెలుపు రంగుకూ మధ్య గీత మైనస్ ఏడు దగ్గరే ఆగి ఉంది. "సాబ్, యే తో పానీ హై" అని నవ్వాడు. ఆ రాత్రి మనాలిలో మైనస్ ఆరు. నీళ్లు గడ్డకడితే ఉబ్బుతాయి, అప్పుడు పగిలేది రేడియేటర్ కావచ్చు, ఇంజిన్ బ్లాకే కావచ్చు. ఆయన అక్కడే పాతదంతా తీసేసి సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ పోశాడు. సగానికి సగం కలిస్తే మైనస్ 35 దాకా భయం లేదు. నువ్వు ఇక్కడే చేయించుకో. దగ్గర నిలబడి, నీ బండి మాన్యువల్‌లో రాసిన రకం కూలెంట్‌నే పోయించు. ఏళ్ల తరబడి ఎండాకాలంలో బాటిల్ నీళ్లు పోస్తూ వచ్చిన బండ్లు మన దగ్గర మస్తు ఉన్నాయి, సెకండ్ హ్యాండ్‌లో ఇంకా ఎక్కువ.

డీజిల్‌ది వేరే కథ. కొబ్బరినూనె చలికి సీసాలో పేరుకోవడం నువ్వు చూసే ఉంటావు. డీజిల్‌లో ఉండే మైనం కూడా అలాగే పేరుకుని ఫిల్టర్‌కు అడ్డం పడుతుంది. మన దేశంలో ప్రమాణాల ప్రకారం ఎండాకాలపు డీజిల్ 18 డిగ్రీల దాకా, చలికాలపుది 6 డిగ్రీల దాకా ఫిల్టర్‌లోంచి పారితే చాలు. లద్దాఖ్ లాంటి చోట్లకు అది కూడా సరిపోదని ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 దాకా పారే డీజిల్ విడిగా తెచ్చింది. అందుకని హనుమకొండలోనో నాగ్‌పూర్‌లోనో పోసిన డీజిల్‌తో మనాలిలో రాత్రి బండి ఆపొద్దు. మండీ చేరేసరికి ట్యాంకు పావు వంతుకు వచ్చేలా చూసుకుని అక్కడో కుల్లూలోనో ఫుల్ చేయించు. ఆ తర్వాత కనీసం ఇంకో ముప్పై నలభై కిలోమీటర్లు ఎలాగూ నడుపుతావు, కొత్త డీజిల్ ఫిల్టర్ దాకా చేరుతుంది. బయలుదేరే ముందు డీజిల్ ఫిల్టర్ మార్పించు. డీజిల్‌లో కిరోసిన్ కలపమని చెప్పే పాత డ్రైవర్లు దారిలో తగులుతారు. వాళ్ల లారీలకు అది నడిచిందేమో, నీ ఇంజెక్టర్లకు మాత్రం నడవదు. బీఎస్-6 డీజిల్ ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, పొగను శుభ్రం చేయడానికి విడిగా పోసే యాడ్‌బ్లూ ద్రవం మైనస్ 11 దగ్గర గడ్డకడుతుంది. బండిలో దానికి హీటర్ ఉంటుంది కాబట్టి కంగారు పడొద్దు, డిక్కీలో పెట్టుకున్న స్పేర్ క్యాన్‌ను మాత్రం రాత్రి గదిలోకి తీసుకెళ్లండి.

బ్యాటరీ మూడేళ్లు దాటితే టెస్ట్ చేయించు. మన ఎండలు దాన్ని లోపల తినేస్తాయి, చలి దాన్ని బయటపెడుతుంది. అద్దం కడిగే ట్యాంకులో మామూలు నీళ్లు తీసేసి, గడ్డకట్టని వాషర్ ద్రవం పోసుకో. పొద్దున అద్దం మీద మంచు ఉంటే ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గీకాలి. హోటల్ కుర్రాడు బకెట్‌తో వేడినీళ్లు తెస్తాడు, పోయనివ్వకు, అద్దం పగులుతుంది. రాత్రి వైపర్లు లేపి పెట్టు. హ్యాండ్ బ్రేక్ వేయకుండా గేర్‌ను పీలో (పార్కింగ్‌లో) పెట్టి చక్రాల కింద రాయి పెట్టడం అక్కడివాళ్ల పద్ధతి, ఎందుకంటే తడిసిన బ్రేక్ రాత్రికి పట్టేస్తుంది. నీ బండిలో ఆపగానే హ్యాండ్ బ్రేక్ దానంతటదే పడుతుంటే, దాన్ని ఎలా ఆపాలో ఇంటి దగ్గరే చూసుకో. ఇంకోటి, ఎండలకు మనం ఏసీని ఎప్పుడూ లోపలి గాలి మీదే నడుపుతాం. ఐదుగురి ఊపిరితో అక్కడ క్షణాల్లో అద్దాలన్నీ మసకబారతాయి. బయటి గాలి బటన్ పెట్టి, హీటర్‌తో పాటు ఏసీ కూడా ఆన్ చెయ్యి. ఏసీ గాలిలో తేమ లాగేస్తుంది.

ఇక టైర్లు. నీ అసలు ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. ఆల్ వీల్ డ్రైవ్ బండిని కదిలించడానికి పనికొస్తుంది, ఆపడానికి పనికిరాదు. ఆపేది నాలుగు టైర్ల కింద అరచేతి అంత అరచేతి అంత రబ్బరు. మన బండ్లకు వచ్చే టైర్లలో రబ్బరు 7 డిగ్రీల కిందికి వెళ్తే గట్టిపడి పట్టు వదిలేస్తుంది. గడ్డకట్టిన రోడ్డు మీద బండి ఆగడానికి మామూలు కంటే పది రెట్ల దూరం పట్టొచ్చని బ్రిటన్ వాళ్ల హైవే కోడ్‌లోనే రాశారు.

అది పుస్తకంలో చదవడం వేరు. మనాలి నుంచి సోలాంగ్ వెళ్లే దారిలో నెహ్రూ కుండ్ దాటాక, పల్చాన్‌కు ముందు, ఎండ పడని ఒక మలుపు. పొద్దున ఎనిమిది. రోడ్డు మీద మంచు లేదు, తడిసినట్టు నల్లగా ఉంది, అంతే. నేను పదిహేను, ఇరవై స్పీడ్‌లో ఉన్నా. ముందు టాక్సీ ఆగితే బ్రేక్ మీద కాలు పెట్టాను. ఏబీఎస్ కాలి కింద టకటకమని కొట్టుకుంది, డాష్‌బోర్డులో లైట్లన్నీ వెలిగాయి, రెండున్నర టన్నుల బండి చెరువు గట్టు మీద బర్రె జారినట్టు నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా జారుకుంటూ పోయింది. స్టీరింగ్ తిప్పినా అటు రాలేదు. పక్కనున్న మట్టి కుప్పకు చక్రం తగిలి ఆగింది. వెనక మా అమ్మ "ఏమైంది బిడ్డా, ఆపినవ్?" అంది. నేను ఆపలేదని ఆమెకు ఇప్పటికీ తెలియదు.

టైరు పక్క గోడ మీద మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచు పువ్వు గుర్తు ఉందో లేదో చూడు. ఆ గుర్తుంటేనే మంచు పరీక్ష నెగ్గిన టైరు. ఎం ప్లస్ ఎస్ అని మాత్రమే ఉంటే దాన్ని నమ్ముకోకు. నీ చక్రాలు 20 ఇంచులు, ఆ పైన అయితే ఆ గుర్తున్న టైర్లు మన దగ్గర దొరకడం చాలా కష్టం. గాలి సంగతికొస్తే, ప్రతి ఐదారు డిగ్రీల చలికి సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. హనుమకొండ మధ్యాహ్నం గాలి నింపుకుని బయలుదేరితే ఆదిలాబాద్ తెల్లవారుజామునే డాష్‌బోర్డులో పసుపు లైటు వెలిగినా ఆశ్చర్యపోకు, పంక్చర్ అని కంగారు పడకు. మనాలిలో పొద్దున్నే, బండి కదలకముందు కొలిచి, డోర్ దగ్గర రాసిన అంకెకు సరిచేసుకో.

చైన్లు కావాలా అంటే, నీ మాన్యువల్ ఏం చెప్తుందో ముందు చూడాలి. చాలా లగ్జరీ మోడళ్లలో పెద్ద చక్రాలకు చైన్లు వేయకూడదనో, సన్న లింకులున్నవే వేయాలనో, ఫలానా ఇరుసుకే వేయాలనో రాసి ఉంటుంది. చక్రానికీ సస్పెన్షన్‌కూ మధ్య సందు అంత తక్కువ. మనాలిలో రోడ్డు పక్కన అద్దెకిచ్చే చైన్లు ఎక్కువగా జిప్సీ, బొలెరో, ఆల్టో లాంటి బండ్ల సైజులవి. బలవంతంగా తగిలిస్తే లోపల సెన్సార్ వైరో, బ్రేక్ పైపో తెగుతుంది. సరైన చైన్లు ఉన్నా గంటకు నలభై దాటకూడదు, మంచు అయిపోగానే తీసేయాలి.

అందుకే నా సలహా వేరు. నీ బండిని మనాలి దాకా తీసుకెళ్లు, కింద నగ్గర్, కుల్లూ తిప్పు, హాయిగా ఉంటుంది. రోడ్డు మీద మంచు ఉన్న రోజు మాత్రం మనాలి నుంచి సోలాంగ్, అటల్ టన్నెల్ దాకా లోకల్ ఫోర్ బై ఫోర్ టాక్సీ మాట్లాడుకో. మంచు పడితే పోలీసులే పల్చాన్ దగ్గరో ఇంకా కిందో ఆపి, ఫోర్ బై ఫోర్‌లనూ చైన్లున్న వాటినీ మాత్రమే వదులుతారు. నీది ఫోర్ బై ఫోరే కాబట్టి వదలొచ్చు, అదే ప్రమాదం. 2024 డిసెంబర్ చివరి వారంలో సోలాంగ్‌కూ టన్నెల్‌కూ మధ్య వందల బండ్లు రాత్రిదాకా ఇరుక్కుపోయాయి. మేడారం జాతర ట్రాఫిక్‌లో గంటలకొద్దీ నిలబడిన మనకు ఓపిక ఉంటుంది, నిజమే. కానీ అక్కడ దిగి నిలబడటానికి చెట్టు నీడ కాదు, మైనస్ డిగ్రీల గాలి ఉంటుంది.

ఎప్పుడైనా అలా ఇరుక్కుంటే హీటర్ కోసం ఇంజిన్ ఆన్‌లో పెట్టి అద్దాలు మూసి నిద్రపోవద్దు. వెనక సైలెన్సర్ గొట్టాన్ని మంచు కప్పేస్తే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది, దానికి వాసన ఉండదు. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని ముర్రీలో ఇలా మంచులో ఇరుక్కున్న కార్లలో ఇరవై మందికి పైగా చనిపోయారు. గంటకు పది నిమిషాలు ఇంజిన్ నడుపు, ముందు దిగి గొట్టం చుట్టూ మంచు తీసెయ్యి, ఒక అద్దం వేలెడంత దించి ఉంచు. చిన్న పార ఒకటి, దుప్పట్లు, రెండు పూటల తిండి డిక్కీలో పడేసుకో. సకినాలు, అరిసెలు సంక్రాంతికి ఎలాగూ చేస్తారు కదా. హోటల్ గదిలో బొగ్గుల కుంపటి తెచ్చిపెడతామన్నా ఇదే కారణంగా వద్దను, అమ్మ చలి అన్నా సరే.

దిగుడు రోడ్డులో డీలో వదిలేసి బ్రేక్ మీద రావొద్దు. రెండో గేరుకు తెచ్చి ఇంజిన్‌తోనే స్పీడు కట్టు. అలవాటు లేకపోతే నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్‌లో ఒకసారి ప్రాక్టీస్ చేసి చూడు. వంతెనల మీదా, నీడ మలుపుల్లోనూ పైలం.

స్కీయింగ్‌కు సోలాంగ్ మంచి సీజన్ జనవరి, ఫిబ్రవరి. సోలాంగ్ ఎత్తు సుమారు 2,500 మీటర్లు, మనాలి 2,050. బండి దిగగానే చుట్టూ మూగి "పదిహేను నిమిషాలు స్కీయింగ్" అనేవాళ్లు ఉంటారు. అది ఫోటోకు పనికొస్తుంది, నేర్చుకోవడానికి కాదు. ఒక ట్రైనర్‌ను మూడు పొద్దులకు మాట్లాడుకో, రోజుకు రెండు గంటలు. మొదటి రోజంతా స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా పెట్టి ఆగడమే నేర్పాలి. అది నేర్పకుండా పైకి తీసుకెళ్తానంటే డబ్బులు ఇవ్వకు. సామాను అక్కడే అద్దెకు దొరుకుతుంది, బూటు సైజు మాత్రం సరిగ్గా పట్టేదాకా మార్పించు. జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు. కొత్త మంచు అల్ట్రావయొలెట్ కిరణాలను ఎనభై శాతం దాకా తిరిగి కొడుతుంది, కాబట్టి పిల్లలకు కూలింగ్ గ్లాసెస్, సన్‌స్క్రీన్ తప్పనిసరి. బండిలో సీట్ బెల్ట్ పెట్టేటప్పుడు లావు జాకెట్లు విప్పించు, లేకపోతే బెల్ట్ వదులుగా ఉంటుంది. అమ్మ ఇన్సులిన్ తీసుకుంటుంటే అది రాత్రి బండిలో ఉండకూడదు, ఒకసారి గడ్డకడితే పనికిరాదు.

ఎవరో కింద కామెంట్లలో కశ్మీర్‌లోని గుల్మార్గ్ వెళ్లమన్నారు. స్కీయింగ్‌కు అది సోలాంగ్ కంటే గొప్పదే, ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌లో స్కీయింగ్ పోటీలు 2020 నుంచి అక్కడే జరుగుతున్నాయి. కానీ జనవరిలో జమ్మూ, శ్రీనగర్ రోడ్డు రాంబన్ దగ్గర ఎప్పుడు మూస్తారో చెప్పలేం. అక్కడికైతే బండి ఇంట్లో పెట్టి ఫ్లైట్‌లో వెళ్లు.

ఇప్పుడు ఒక పని చెయ్యి. కిందికి వెళ్లి డిక్కీలో అడుగున ఉన్న మ్యాట్ లేపి స్పేర్ టైరు ఉందో లేదో చూడు. నీ మోడల్‌లో రన్ ఫ్లాట్ టైర్లు ఉంటే అసలు స్పేరే ఇవ్వరు, పంక్చర్ అయితే ఎనభై స్పీడులో సుమారు ఎనభై కిలోమీటర్లే పోతావు. సివ్‌నీ, సాగర్ మధ్య నీ సైజు టైరు దొరుకుతుందనే ఆశ పెట్టుకోకు. స్పేర్ లేకపోతే పంక్చర్ కిట్, గాలి పంపు కొనాల్సిందే. టైరు మీద రాసిన సైజు, మాన్యువల్‌లో చైన్ల గురించి ఉన్న పేజీ రెండూ ఫోటో తీసి ఇక్కడ పెట్టు. ఏ చైన్ సరిపోతుందో, అసలు వేయొచ్చో వేయకూడదో చూసి చెప్తా.